కీగన్ మార్చిన ఒక తేదీ

డబ్లిన్‌లో ఉన్న రెండేళ్లూ, వాన లేని రోజుల్లో నేను ఆఫీసుకి నడిచే వెళ్లేవాణ్ణి. మౌంట్‌జాయ్ స్క్వేర్ దగ్గర రూము, లిఫీ నది ఒడ్డున ఆఫీసు, మధ్యలో షాన్ మెక్‌డెర్మట్ స్ట్రీట్. ఆ వీధిలో మూతపడిన పాత కాన్వెంటు ఒకటి ఉంటుంది. దాని పక్కనుంచి కొన్ని వందల సార్లు వెళ్లుంటాను. ఒక్కసారైనా తలెత్తి చూసిన గుర్తు లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, బుర్రలో తొమ్మిదిన్నర స్టాండప్ కాల్.

హైదరాబాద్ తిరిగొచ్చాక క్లెయిర్ కీగన్ రాసిన ‘స్మాల్ థింగ్స్ లైక్ దీస్’ చదివాను. నూట ఇరవై పేజీలు కూడా లేని పుస్తకం, ఒక్క రాత్రిలో అయిపోయింది. పుస్తకం చివర ఒక చిన్న నోట్ ఉంటుంది, ఐర్లండ్‌లో ఆఖరి మాగ్దలీన్ లాండ్రీ 1996లో మూతపడిందని. ఆ లాండ్రీ ఎక్కడుండేదా అని వెతికితే మ్యాప్‌లో పిన్ను పడింది, నేను రోజూ నడిచిన వీధి మీద.

1996 అంటే నేను మూడో తరగతి. చరిత్ర అంటే మనకి ఎప్పుడూ నలుపు తెలుపు ఫోటో. ఇది కలర్ టీవీ వచ్చేశాక జరిగిన చరిత్ర. అప్పట్నుంచీ ఈ పుస్తకం గురించీ, దాని వెనకున్న కాలం గురించీ దొరికినవన్నీ చదువుతూ వచ్చాను. నేను చరిత్రకారుణ్ణి కాదు, పగలు కోడ్ రాసుకుని రాత్రి చదువుకునేవాణ్ణి. అయినా ఈ పుస్తకంలో ఒక తేదీ దగ్గర ఆగిపోయాను. దాని గురించే ఈ వ్యాసం. కథ మొత్తం చెప్పేస్తున్నాను, చదవని వాళ్లు ముందు పుస్తకం చదివి రండి. సినిమా చూడ్డానికి పట్టే టైమే పడుతుంది.

కీగన్ 1968లో విక్లో కౌంటీలో, ఓ పెద్ద క్యాథలిక్ రైతు కుటుంబంలో చివరి బిడ్డగా పుట్టారు. పదిహేడేళ్లకి ఇల్లు వదిలి అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ వెళ్లి, లయోలా యూనివర్సిటీలో ఇంగ్లీషూ రాజనీతిశాస్త్రమూ చదివారు. 1992లో తిరిగొచ్చారు. మొదటి కథల సంపుటి ‘అంటార్కిటికా’ 1999లో, రెండోది ‘వాక్ ద బ్లూ ఫీల్డ్స్’ 2007లో. 2010లో ‘ఫాస్టర్’, 2021లో ‘స్మాల్ థింగ్స్ లైక్ దీస్’, 2023లో ‘సో లేట్ ఇన్ ద డే’. పాతికేళ్లలో ఆవిడ ముఖ్యమైన పుస్తకాలు అన్నీ కలిపి ఒక లావుపాటి నవలంత కూడా ఉండవు. మనవైపు ఏడాదికి రెండు పుస్తకాల ఆవిష్కరణ సభలు పెట్టేవాళ్లని చూసిన కళ్లకి ఇది కొంచెం వింతే.

‘ఫాస్టర్’ 1981 వేసవిలో నడుస్తుంది. పిల్లలెక్కువైన ఇంట్లోంచి ఒక పాపని కొన్నాళ్లు బంధువులింట్లో వదిలేస్తారు. ఆ ఇంట్లో ఆ పాపకి మొదటిసారి ఎవరో జుట్టు దువ్వుతారు, స్నానం చేయిస్తారు, చెయ్యి పట్టుకు నడుస్తారు. అంతే కథ. దాన్ని కోల్మ్ బారేడ్ ఐరిష్ భాషలో ‘ద క్వైట్ గర్ల్’ పేరుతో సినిమా తీశాడు. ఆస్కార్ అంతర్జాతీయ చిత్రాల విభాగంలో నామినేషన్ పొందిన మొట్టమొదటి ఐరిష్ భాషా సినిమా అది. పన్నెండేళ్ల పిల్లకి ఇచ్చినా చదివేంత తేలిక భాష, కింద మాత్రం బావిలోతు. ఆవిడ పద్ధతి ఇది: చెప్పాల్సింది చెప్పకుండా, దాని చుట్టూ ఉన్నవన్నీ జాగ్రత్తగా చెప్పడం.

ఇప్పుడు మన పుస్తకం. 1985 డిసెంబర్. వెక్స్‌ఫర్డ్ కౌంటీలో బారో నది ఒడ్డున న్యూ రాస్ అనే చిన్న పట్నం. బిల్ ఫర్లాంగ్ బొగ్గూ కట్టెలూ అమ్మే వ్యాపారి. భార్య ఐలీన్, ఐదుగురు ఆడపిల్లలు. ఊళ్లో పనుల్లేవు, జనం డబ్బులకి కటకటలాడుతున్నారు. ఫర్లాంగ్ మాత్రం ఎలాగో నెట్టుకొస్తున్నాడు. అతని తల్లి పెళ్లి కాకుండానే అతన్ని కన్నది. ఆవిడ పనిచేసే ఇంటి యజమానురాలు మిసెస్ విల్సన్, ప్రొటెస్టెంట్ వితంతువు, ఆ అమ్మాయిని గెంటెయ్యకుండా తన దగ్గరే ఉంచుకుంది. ఆ ఒక్క నిర్ణయం వల్ల ఫర్లాంగ్ ఈ రోజు మనిషిగా నిలబడ్డాడు.

క్రిస్మస్ ముందు ఒక చలి పొద్దున బొగ్గు వెయ్యడానికి కాన్వెంటుకి వెళ్లిన ఫర్లాంగ్‌కి, అక్కడి బొగ్గుల కొట్టులో తాళం వేసి ఉంచిన ఒక అమ్మాయి కనిపిస్తుంది. ఆమెకి పద్నాలుగు వారాల బిడ్డ ఉంది, ఆ బిడ్డ ఎక్కడున్నాడో ఆమెకి తెలీదు. ఫర్లాంగ్ ఏం చేస్తాడు? ఆమెని తీసుకెళ్లి మదర్ సుపీరియర్‌కి అప్పజెప్తాడు. ఆవిడ టీ ఇస్తుంది, మర్యాదగా మాట్లాడుతుంది, ఆడపిల్లల చదువు సంగతి తీస్తుంది, క్రిస్మస్ కానుకగా కవర్లో డబ్బు పెట్టి ఇస్తుంది. అతను పుచ్చుకుని వచ్చేస్తాడు. ఊళ్లో మంచి బడి ఒక్కటే, ఆ బడికీ కాన్వెంటుకీ ఒకే గోడ. అతని పెద్ద పిల్లలు అందులోనే చదువుతున్నారు, చిన్నవాళ్లకీ అందులోనే సీటు కావాలి. ఊళ్లో హోటల్ నడిపే మిసెస్ కీహో అతన్ని పక్కకి పిలిచి, ఆ సిస్టర్ల చెయ్యి అన్నింట్లోనూ ఉంటుంది సుమా, జాగ్రత్త, అని హితవు చెప్తుంది.

ఇక నేను ఆగిపోయిన తేదీ.

న్యూ రాస్‌లో మాగ్దలీన్ లాండ్రీ నిజంగానే ఉండేది. గుడ్ షెపర్డ్ సిస్టర్లు నడిపేవారు. కానీ అది 1967లోనే మూతపడింది. అంటే ఫర్లాంగ్ బొగ్గు వేసిన 1985 డిసెంబర్‌లో ఆ ఊళ్లో అలాంటి లాండ్రీ లేదు. పద్దెనిమిదేళ్ల తేడా. అంతేకాదు, పెళ్లికాని తల్లులు ప్రసవించే మదర్ అండ్ బేబీ హోములు వేరు, చాకిరీ చేయించే లాండ్రీలు వేరు. కీగన్ కాన్వెంటులో ఈ రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. చరిత్ర తెలిసిన ఐరిష్ పాఠకులు కొందరు దీన్ని తప్పుగానే పట్టుకున్నారు. నాకు మొదట కోపం వచ్చింది. ఇంత జాగ్రత్తగా రాసే మనిషి, ఊరి పేరు మార్చి ఒక కల్పిత ఊరు పెట్టుకుంటే పోయేదిగా? లేదా కథని 1965కి జరిపితే?

జరిపి చూడండి, ఏమవుతుందో. 1965 అయితే ఇది ‘ఆ రోజుల్లో అలా ఉండేది’ అయిపోతుంది. తాతల కాలం, పాపం వాళ్లకేం తెలుసు, అని పుస్తకం మూసేస్తాం. 1985 అంటే అలా కుదరదు. ఆ పుస్తకం కొనుక్కునే ఐరిష్ పాఠకుడికి అప్పటికి పాతికేళ్లో ముప్పయ్యేళ్లో. ఫర్లాంగ్ పెద్దకూతురి ఈడు వాళ్లకి ఇప్పుడు యాభై దాటాయి. కీగన్‌కి కూడా ఇంచుమించు ఆ ఈడే. 1968లో పుట్టి, పదిహేడేళ్లకి దేశం వదిలిందంటే, 1985 ప్రాంతంలోనే. తను వదిలిపెట్టి వెళ్లిన ఐర్లండ్‌కే ఆవిడ కథని మోసుకెళ్లింది.

ఆ ఐర్లండ్ ఎలాంటిదో నాలుగు సంఘటనలు చాలు. 1983 సెప్టెంబర్‌లో గర్భస్థ శిశువుకీ తల్లికీ సమానమైన జీవించే హక్కు ఉందంటూ రాజ్యాంగానికి ఎనిమిదో సవరణ చేశారు. మూడింట రెండొంతుల మంది ఓటేశారు. నాలుగు నెలలకి, 1984 జనవరి 31న, లాంగ్‌ఫర్డ్ కౌంటీలోని గ్రానార్డ్ అనే ఊళ్లో ఆన్ లవెట్ అనే పదిహేనేళ్ల అమ్మాయి, మేరీమాత విగ్రహం ఉన్న గుహ దగ్గర ఒంటరిగా బిడ్డని కని చనిపోయింది. బిడ్డా దక్కలేదు. 1985లోగానీ పెద్దవాళ్లు ప్రిస్క్రిప్షన్ లేకుండా కండోమ్ కొనుక్కోడానికి చట్టం ఒప్పుకోలేదు. 1986లో విడాకుల మీద రిఫరెండం పెడితే వద్దన్నారు. ఆ దేశంలో, ఆ ఏడు, పద్నాలుగు వారాల బిడ్డ తల్లిని బొగ్గుల కొట్టులో పెట్టి తాళం వెయ్యడం జరగలేదు సరే, జరగడానికి ఏ అడ్డూ లేదు. ఇంకా కొన్ని లాండ్రీలు వేరే ఊళ్లలో నడుస్తూనే ఉన్నాయి. కీగన్ తప్పు తేదీ వేసి నిజం చెప్పింది, అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పూర్తిగా సర్దుకుందో లేదో తర్వాత చెప్తాను.

ఎనిమిదో సవరణ గురించి మనకి వేరే దారిలో తెలుసు. 2012 అక్టోబర్‌లో గాల్వే ఆసుపత్రిలో సవితా హలప్పనవర్ చనిపోయింది. కర్ణాటక అమ్మాయి, దంతవైద్యురాలు. పదిహేడో వారంలో గర్భం నిలవదని తెలిసినా, పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి గర్భస్రావం చెయ్యలేదు. ఆమె సెప్సిస్‌తో పోయింది. 2018 మేలో ఆ సవరణని 66.4 శాతం ఓట్లతో తీసేశారు. డబ్లిన్‌లో ఉన్న మనవాళ్లలో ఆమె పేరు తెలియనివాళ్లు నాకు తగల్లేదు. పక్క రాష్ట్రం అమ్మాయి, మనలాగే ఉద్యోగాల కోసం వెళ్లిన కుటుంబం. న్యూ రాస్ కథ మనది కాదు అనుకోడానికి ఆ ఒక్క పేరు అడ్డం పడుతుంది.

లాండ్రీల సంగతికొద్దాం. ఐర్లండ్‌లో మొదటిది 1760ల్లో డబ్లిన్‌లో అరబెల్లా డెన్నీ అనే ప్రొటెస్టెంట్ మహిళ పెట్టింది, ‘పతితలని’ ఉద్ధరించడానికి. తర్వాత్తర్వాత క్యాథలిక్ సిస్టర్ల సంఘాలు అందుకున్నాయి. 1922లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా నాలుగు సంఘాల చేతుల్లో పది లాండ్రీలు నడిచాయి. అందులోకి వచ్చినవాళ్లందరూ పెళ్లికాని తల్లులు కారు. అనాథలు, బాలల వసతి బడుల నుంచి పంపిన పిల్లలు, కోర్టులు పంపినవాళ్లు, ఇంట్లో చెయ్యి పడిన పిల్లలు, తండ్రో ఫాదరో తెచ్చి వదిలినవాళ్లు. పేర్లు మార్చేసేవారు. జీతం లేదు. పారిపోతే పోలీసులు పట్టుకొచ్చిన సందర్భాలున్నాయి.

1993లో డబ్లిన్ డ్రమ్‌కాండ్రాలోని హై పార్క్ కాన్వెంటు కొంత స్థలం అమ్ముకుంది. ఆ స్థలంలో లాండ్రీ ఆడవాళ్ల సమాధులున్నాయి. 133 శవాలు తియ్యడానికి అనుమతి తీసుకున్నారు. తవ్వితే ఇంకో 22 బయటపడ్డాయి. లెక్క తప్పింది. కొంతమందికి రికార్డుల్లో అసలు పేరు కూడా లేదు, లాండ్రీలో పెట్టిన పేరే. అవన్నీ దహనం చేసి గ్లాస్‌నెవిన్ శ్మశానంలో పెట్టారు. అక్కణ్ణుంచి జనం అడగడం మొదలుపెట్టారు. 2002లో వచ్చిన నష్టపరిహార పథకంలో లాండ్రీలని చేర్చలేదు, అవి ప్రైవేటు సంస్థలు అన్నారు. 2011లో ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక కమిటీ విచారణ జరపమంది. 2013 ఫిబ్రవరిలో మార్టిన్ మెకలీస్ కమిటీ నివేదిక వచ్చింది, రెండు వారాలకి ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

ఆ నివేదికని నేను నా వృత్తి అలవాటు కొద్దీ డేటాలాగా చదివాను. దాదాపు పదివేల మంది స్త్రీలు అంటుంది. పదింట్లో రెండు లాండ్రీల రికార్డులు మిగల్లేదు, వాటి లెక్క అందులో లేదు. వచ్చినవాళ్లలో 26.5 శాతం మందిని పంపింది ప్రభుత్వ యంత్రాంగమే అంటుంది. అది ఎలా వచ్చారో తెలిసినవాళ్లలో శాతం. 61 శాతం మంది ఏడాదిలోపే వెళ్లిపోయారు అంటుంది, ‘జీవితాంతం బందీలు’ అన్నది అతిశయోక్తి అన్నట్టు. కానీ ఎన్నాళ్లున్నారో తెలిసింది సగం కంటే తక్కువ మందికి. పైగా సగటు చూస్తే మూడేళ్లు దాటుతుంది. మెజారిటీ ఏడాదిలోపు వెళ్లిపోతే సగటు మూడేళ్లు ఎలా అవుతుంది? చివర్న తోక బాగా పొడుగ్గా ఉంటే అవుతుంది. ఆ తోకలో ఉన్నవాళ్లు పదేళ్లు, ముప్పయ్యేళ్లు, చచ్చేదాకా ఉన్నవాళ్లు. సర్వర్ల లెక్కల్లో ఆ తోకని పట్టించుకోకపోతే ఉద్యోగం పోతుంది. ఇక్కడ ఆ తోకలో ఉన్నది మనుషులు.

నాకు బాగా గుచ్చుకున్నది మాత్రం వేరే సంగతి. ఇవి లాండ్రీలు. అంటే కస్టమర్లు ఉండాలి. హోటళ్లు, ఆసుపత్రులు, సైన్యం, ప్రభుత్వ శాఖలు బట్టలు వేసేవి. దుప్పట్ల మూటలు లోపలికి వెళ్లేవి, మడతపెట్టి బయటికి వచ్చేవి. గోడలు ఎత్తే, కానీ బిల్లులకి, బొగ్గుకి, రొట్టెకి, పాలకి గేటు తీసేవారు. ఊరికి తెలుసు. కీగన్ ఒక ఇంటర్వ్యూలో చెప్పిందీ ఇదే, తెలిసినవాళ్లు ఇంతమంది ఎందుకు ఊరుకున్నారన్న ప్రశ్నకి జవాబు వెతుక్కున్నానని. అందుకే ఆవిడ కథానాయకుడు ఫాదరో, పోలీసో, జర్నలిస్టో కాదు, బొగ్గు సప్లయర్. వాళ్ల బిల్లు మీద బతికేవాడు.

నాకూ ఒక బొగ్గుల కొట్టు ఉంది. పెళ్లికి ముందు కూకట్‌పల్లిలో ఉన్న అపార్ట్‌మెంట్లో, పై ఫ్లాటు వాళ్లింట్లో పదకొండేళ్ల పిల్ల ఒకతె పనిచేసేది. పొద్దున్నే లిఫ్టులో పాల ప్యాకెట్లతో కనిపించేది. ఒకసారి ఆ ఇంటాయన్ని అడిగాను, ఈ పాప బడికి వెళ్లదా అండీ అని. ‘మా ఊరి పిల్లే బాబూ, వచ్చే జూన్లో చేర్పిస్తున్నాం’ అన్నారు. కాఫీ తాగి వెళ్లమన్నారు. తాగాను. జూన్ వచ్చింది, వెళ్లింది, నేను మళ్లీ అడగలేదు. ఫర్లాంగ్ టీ తాగి కవరు జేబులో పెట్టుకునే చోట పుస్తకం కాసేపు పక్కన పెట్టింది అందుకే.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఫర్లాంగ్ భార్యకి కొన్న బూట్ల పెట్టె చంకలో పెట్టుకుని మళ్లీ కాన్వెంటుకి వెళ్తాడు. కొట్టు తీసి ఆ అమ్మాయిని బయటికి తెస్తాడు. తన కోటు కప్పి, ఊరి మధ్యలోంచి, అందరూ చూస్తుండగా ఇంటికి నడిపించుకొస్తాడు. ఇంటి గుమ్మం దగ్గరికి రాగానే పుస్తకం అయిపోతుంది. తలుపు తెరుచుకోదు.

ఈ ముగింపు మీద ఫిర్యాదులున్నాయి. పదివేల మంది ఆడవాళ్ల కథలో హీరో మగవాడా? ఆ అమ్మాయి నాలుగు మాటలు కూడా మాట్లాడదేం? చరిత్రలో ఎవరూ అలా చెయ్యి పట్టుకుని తీసుకురాలేదు, చాలామంది వాళ్లంతట వాళ్లే బయటపడ్డారు, వాళ్లే కేసులేసి, సాక్ష్యాలిచ్చి పోరాడారు. తేదీ మార్చడంలో నాకు సర్దుకోనిదీ ఇదే. 1985లో లేని లాండ్రీలోంచి, 1985లో లేని ఒక మంచివాడు విడిపించాడు. చదివినవాళ్లకి మనసు తేలికపడుతుంది. తేలికపడొచ్చా? 2022లో ఈ పుస్తకానికి రాజకీయ నవలల ఆర్వెల్ ప్రైజ్ వచ్చింది, అదే ఏడాది బుకర్ షార్ట్‌లిస్టులోకి కూడా వచ్చింది. 2024లో కిలియన్ మర్ఫీ ఫర్లాంగ్‌గా సినిమా వచ్చింది, బెర్లిన్ ఉత్సవం దానితోనే మొదలైంది. ఇంతమంది ప్రేమించిన పుస్తకం ఇంతమందిని కొంచెం ఊరడించి కూడా ఉంటుంది.

ఈ మాటే ఇంట్లో అన్నాను. నా భార్య అప్పటికే పుస్తకం చదివేసింది.

“ఊరడింపా? నువ్వు ఐలీన్‌ని చదివావా అసలు?” అంది.

ఐలీన్ చెడ్డది కాదు. రాత్రి మంచం మీద ఫర్లాంగ్ కాన్వెంటు సంగతి ఎత్తితే, మనకెందుకు, మన పిల్లలు బాగున్నారు కదా, బతకాలంటే కొన్ని చూడకుండా ఉండాలి అన్నట్టు మాట్లాడుతుంది. చదువుతూ నేను ఆవిణ్ణి ఒక అడ్డంకి కింద లెక్కేశాను, అంతే.

“ఐదుగురు ఆడపిల్లలు. ఆ బడి పోతే ఇంకో బడి లేదు. బొగ్గు వ్యాపారం పోతే ఇంకోటి లేదు. రేపు పొద్దున ఆ గొడవంతా సర్దుకోవాల్సింది ఎవరు? ఆ అమ్మాయికి అన్నం పెట్టాల్సింది, బిడ్డని వెతకాల్సింది, ఊరివాళ్ల మాటలు పడాల్సింది? ఆయన గుమ్మందాకా తెచ్చాడు. అక్కణ్ణుంచి అంతా ఆవిడే. నాకైతే గుండె దడ వచ్చింది, నీకు ఊరడింపు వచ్చిందా?”

నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ చెప్పింది నిజం. పుస్తకం ఆగిన చోటు సుఖాంతం అనుకున్నది, ఆ తలుపుకి ఇవతల నుంచి చూసిన నేను. మిసెస్ విల్సన్ కూడా ఒక ఆడమనిషే. ఆవిడ తలుపు తీసింది కాబట్టే ఫర్లాంగ్ ఉన్నాడు. ఇప్పుడు తియ్యాల్సింది ఐలీన్, ఆవిడ చేతిలో మిసెస్ విల్సన్‌కున్న ఆస్తి లేదు.

షాన్ మెక్‌డెర్మట్ స్ట్రీట్ భవనాన్ని డబ్లిన్ నగరపాలక సంస్థ ఒక జపాన్ హోటల్ కంపెనీకి అమ్మబోయింది. 2018లో కౌన్సిలర్లు ఓటేసి ఆపారు. 2022లో అక్కడ జాతీయ పరిశోధన, స్మారక కేంద్రం కట్టడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. మళ్లీ డబ్లిన్ వెళ్తే ఈసారి ఇద్దరం వెళ్దామనుకున్నాం. ఆ పిల్ల సంగతి మాత్రం ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.